రిజల్ట్స్ బాగున్నా షేర్ ఎందుకు పడింది? ఇలా చూసుకోండి

మొన్న పొద్దున్నే మా బావమరిది ఫోన్. "బావా, లాభం పెరిగిందని టీవీలో చెప్తున్నారు, డివిడెండ్ కూడా ఇస్తారంట, మరి నా షేర్ ఎర్రగా ఎందుకుంది, ఎవడన్నా కావాలని పడేస్తున్నాడా?" అన్నాడు. కంపెనీలు మూడు నెలలకోసారి లాభనష్టాల లెక్క చెప్పే రిజల్ట్స్ సీజన్ వచ్చిందంటే ఎవరో ఒకరు ఈ మాట అడుగుతారు, ఒకప్పుడు నేనూ అడిగినవాణ్ణే. ప్రతిసారీ ఫోన్లో అరగంట చెప్పేబదులు నేను ఏ వరసలో చూసుకుంటానో ఇక్కడ రాసేస్తున్నా. నేను సెబీ (మార్కెట్‌ని చూసుకునే ప్రభుత్వ సంస్థ) రిజిస్టర్డ్ అడ్వైజర్ని కాదు, పదేళ్లుగా సొంత డబ్బుతో తిప్పలు పడుతున్నవాణ్ణి, అంతే.

ముందు అసలు పడిందో లేదో చూడండి. నవ్వొస్తుంది గానీ చాలామంది ఇక్కడే కంగారు పడతారు. 2024 అక్టోబర్‌లో రిలయన్స్ ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చింది, అంటే ఉన్న ప్రతి షేర్‌కి ఇంకోటి ఫ్రీ, 2,650 చుట్టూ ఉన్న షేర్ తెల్లారేసరికి 1,340 దగ్గర కనిపించింది. అదే నెలలో మన డాక్టర్ రెడ్డీస్ ఒక షేర్‌ని ఐదు చేసింది, ఆరు వేల పైచిలుకున్నది పదమూడొందల దగ్గరికొచ్చింది. ఎవరి డబ్బూ పోలేదు, ముక్కలు ఎక్కువయ్యాయి కాబట్టి ఒక్కో ముక్క రేటు తగ్గింది. కాకపోతే బోనస్ షేర్లు డీమ్యాట్‌లో (మన షేర్లు ఉండే ఖాతా) ట్రేడింగ్‌కి రావడానికి రికార్డ్ డేట్ (ఎవరి దగ్గర ఎన్ని షేర్లున్నాయో కంపెనీ చూసే రోజు) తర్వాత రెండో వర్కింగ్ డే దాకా పట్టొచ్చు, ఆ రెండ్రోజులూ యాప్‌లో సగం నష్టం అని ఎర్రగా చూపిస్తుంది, అది చూసి భయపడి ఉన్నవి అమ్మేసినవాళ్లు నాకు తెలుసు. డివిడెండ్ కూడా ఇంతే, ఎక్స్ డేట్ రోజు (ఆ రోజునుంచి కొన్నవాళ్లకి ఆ డివిడెండ్ రాదు) ఇచ్చే డబ్బు మేర రేటు దిగుతుంది, ఎందుకంటే ఆ డబ్బు కంపెనీలోంచి మీ బ్యాంకుకి వచ్చేస్తోంది. కాబట్టి ఫస్ట్ పని, ఎన్‌ఎస్‌ఈ లేదా బీఎస్‌ఈ సైట్‌లో ఆ కంపెనీ పేరు కొట్టి కార్పొరేట్ యాక్షన్స్ (బోనస్, షేర్ ముక్కలు చేయడం, డివిడెండ్ లాంటివి ఉండే లిస్ట్) చూడటం. రెండు నిమిషాల పని.

ఇవేవీ లేకుండా నిజంగానే పడిందనుకోండి, అప్పుడు న్యూస్ పక్కన పెట్టి ఒక రెండు నెలల చార్ట్ ఓపెన్ చేయండి. దసరాకి బంతిపూలు కొన్నారు కదా ఎప్పుడైనా, పండగ ముందురోజు కిలో రేటు ఎక్కడికో పోతుంది, పండగ రోజు సాయంత్రానికి అదే పూలు బండి మీద పోగుపోసి అడిగినకాడికి ఇచ్చేస్తారు. పండగ రాలేదా? వచ్చేసింది, అందుకే. షేర్ కూడా రిజల్ట్స్ బాగుంటాయని నెలన్నర ముందునుంచే పాతిక శాతం ఎక్కేసి ఉంటే, ముందు కొన్నవాళ్లు న్యూస్ వచ్చిన రోజు అమ్ముకుంటారు, ఆ రోజు టీవీ చూసి పరిగెత్తుకొచ్చే నాలాంటివాళ్లకే అమ్ముతారు. నా కథ కూడా అదే. ఒక చిన్న కంపెనీకి పెద్ద ఆర్డర్ వచ్చిందని చదివి 9 గంటల 20 నిమిషాలకి 312 పెట్టి కొన్నా, మూడో రోజుకి 268. తర్వాత చార్ట్ చూస్తే ఆరు వారాల్లో అది 40 శాతం పెరిగి కూర్చుంది. కొనేముందు చూసుంటే ఆ డబ్బు ఉండేది కదా అని ఇప్పటికీ తిట్టుకుంటా.

చార్ట్‌లో పెద్దగా ఏమీ ఎక్కలేదు, అయినా పడింది అంటే, రిజల్ట్‌లోనే హెడ్‌లైన్ చెప్పని ముక్క ఏదో ఉందన్నమాట. దీనికి నేను ఎప్పుడూ చెప్పేది 2023 ఏప్రిల్ ఇన్ఫోసిస్, ఎందుకంటే అందులో అన్నీ ఉన్నాయి. ఏప్రిల్ 13 గురువారం మార్కెట్ అయ్యాక రిజల్ట్స్ వచ్చాయి. లాభం 6,128 కోట్లు, ఏడాది కింద కంటే 7.8 శాతం ఎక్కువ, షేర్‌కి 17 రూపాయల 50 పైసలు డివిడెండ్. హెడ్‌లైన్ చదివితే మిఠాయి పంచొచ్చు. శుక్రవారం అంబేద్కర్ జయంతి సెలవు, సోమవారం మార్కెట్ తెరవగానే కుప్పకూలి, క్లోజింగ్‌కి 9 శాతం పైగా పడింది.

ఏమైందంటే, కంపెనీ పెట్టిన రిజల్ట్స్ పీడీఎఫ్‌లో పక్క కాలమ్ చూస్తే ముందు క్వార్టర్ లాభం 6,586 కోట్లు, అంటే మూడు నెలల్లో 7 శాతం తగ్గింది. ఆ ఏడాది మొత్తానికి ఆదాయం 16 నుంచి 16.5 శాతం పెరుగుతుందని కంపెనీయే చెప్పింది, వచ్చింది 15.4. ఇక వచ్చే ఏడాదికి ఇచ్చిన గైడెన్స్ (ఆదాయం ఎంత పెరుగుతుందో కంపెనీయే చెప్పే అంచనా) 4 నుంచి 7 శాతం. మార్కెట్ కొనేది రాబోయే లాభాన్ని, 15 శాతం స్పీడ్‌లో పోతున్న బండి ఇకమీదట 4 నుంచి 7లో పోతుందని డ్రైవరే చెప్తే ఆ రేటు ఎవరిస్తారు?

సో పీడీఎఫ్ ఎలా చదవాలంటే, మొత్తం అక్కర్లేదు. మూడు కాలమ్స్ పక్కపక్కన ఉంటాయి, ఈ క్వార్టర్, ముందు క్వార్టర్, పోయినేడాది ఇదే క్వార్టర్. టీవీవాళ్లు ఏది బాగుంటే దాంతో పోలుస్తారు, మీరు రెండింటితో పోల్చండి (పండగ సీజన్ బట్టి నడిచే వ్యాపారాలకి మాత్రం పోయినేడాదితో పోల్చడమే కరెక్ట్). తర్వాత అదర్ ఇన్‌కమ్ (అసలు వ్యాపారం కాకుండా వేరేచోట వచ్చింది), ఎక్సెప్షనల్ ఐటమ్స్ (ఒక్కసారికే వచ్చేవి, పోయేవి), ట్యాక్స్, ఈ మూడు లైన్లు చూడండి. కంపెనీ స్థలం అమ్మినా, ట్యాక్స్ రీఫండ్ వచ్చినా లాభం ఎగురుతుంది, వచ్చే క్వార్టర్‌కి అది ఉండదు.

పోలిక ఎంత మోసం చేస్తుందో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ 2024 జనవరిలో చూపించింది. లాభం 16,373 కోట్లు, 33 శాతం పెరిగింది అని న్యూస్. మర్నాడు, జనవరి 17న, షేర్ 8 శాతం పైగా పడింది, సెన్సెక్స్‌ని కూడా తనతోపాటు 1,600 పాయింట్లు లాక్కెళ్లింది. ఆ 33లో 2023 జులైలో ఇళ్ల లోన్లిచ్చే హెచ్‌డీఎఫ్‌సీ లిమిటెడ్ బ్యాంకులో కలిసిన లెక్క ఉంది, ఇద్దరి సంపాదనని ఒకడి పాత జీతంతో పోల్చినట్టు. ఇంకోపక్క ఆ మూడు నెలల్లో డిపాజిట్లు 2 శాతం కూడా పెరగలేదు. లోన్లు ఇస్తూ పోతూ డిపాజిట్లు రాకపోతే బ్యాంకు ఎక్కడినుంచి తెస్తుంది, చూసేవాళ్లు అది చూశారు. అందుకే ప్రతి వ్యాపారంలో కీలకమైన ఒక అంకె ఏదో ముందే తెలిసుండాలి, బ్యాంకుకి డిపాజిట్లు, ఐటీకి గైడెన్స్, రిటైల్‌కి పాత షాపుల్లో అమ్మకం ఎంత పెరిగిందనేది.

లాభంతో పోలిస్తే షేర్ రేటు ఎంత ఎక్కువుంటే దెబ్బ అంత గట్టిగా తగులుతుంది. డీమార్ట్ 2024 అక్టోబర్‌లో ఇచ్చిన రిజల్ట్స్‌లో ఆదాయం 14 శాతం పెరిగింది, లాభం కూడా 6 శాతం దాకా పెరిగింది, నష్టమేమీ లేదు. కానీ ఏడాది లాభానికి వంద రెట్లకి పైన నడుస్తున్న షేర్ అది, పైగా పది నిమిషాల డెలివరీ యాప్‌లు వచ్చేశాయన్న భయం, రిజల్ట్స్ తర్వాతి సోమవారం 8 శాతం దాటి పడింది.

ఆర్డర్ న్యూస్‌లకి వేరే లెక్క. "500 కోట్ల ఆర్డర్" అనగానే ఎగరకండి, ఎన్నేళ్లలో పూర్తి చేయాలో చూడండి. నాలుగేళ్లయితే ఏడాదికి 125 కోట్లు, కంపెనీ అమ్మకాలే ఏడాదికి 5,000 కోట్లు ఉంటే అది రెండున్నర శాతం. దానికి షేర్ పొద్దున 8 శాతం ఎక్కితే సాయంత్రానికి దిగుతుంది, దిగకపోతేనే ఆశ్చర్యం. అలాగే మంచి న్యూస్ రాగానే ప్రమోటర్ (కంపెనీని పెట్టి నడిపేవాళ్లు) కొంత వాటా అమ్మినా, కంపెనీ కొత్త షేర్లు అమ్మి డబ్బు తెచ్చుకుంటామన్నా పడుతుంది, ఎక్స్చేంజ్ సైట్‌లో బల్క్ డీల్స్ (పెద్ద మొత్తంలో చేతులు మారిన షేర్లు) లిస్ట్, అనౌన్స్‌మెంట్స్ చూస్తే తెలుస్తుంది. ఆ రోజు మార్కెట్ మొత్తం పడిందా, ఆ సెక్టార్ మొత్తం పడిందా అనేది కూడా ఒకసారి చూసుకోండి, అది మామూలే.

ఇక ఏం చేయాలి అంటే, రిజల్ట్ మర్నాడు పొద్దున మొదటి గంట నేను ఏదీ కొనను, అమ్మను, ముఖ్యంగా యావరేజ్ చేయను, అంటే పడిందని ఇంకొన్ని కొని సగటు రేటు తగ్గించుకోను. కాన్‌కాల్ (రిజల్ట్ తర్వాత కంపెనీవాళ్లు అనలిస్టులతో ఫోన్లో మాట్లాడేది) వినడమో, ట్రాన్స్‌క్రిప్ట్ రెండ్రోజులాగి చదవడమో చేస్తా, అనలిస్టులు ఒకే విషయం తిప్పితిప్పి అడుగుతున్నారంటే షేర్ పడింది దానికే. రిజల్ట్ ముందురోజే ఫోన్ నోట్స్‌లో రెండు లైన్లు రాసుకుంటా, ఈ షేర్ ఎందుకు పెట్టుకున్నా, ఏ అంకె ఎంత రావాలి అని. వచ్చాక దాంతో పోలుస్తా. అంకె వచ్చి షేర్ పడితే ఉంచుకుంటా, అంకె తప్పితే షేర్ పెరిగినా సరే అమ్మడం గురించి ఆలోచిస్తా.

మా బావమరిదిని కూడా అదే అడిగా, నువ్వు ఏ అంకె కోసం చూస్తున్నావురా అని. "ఏమో బావా, ఆఫీస్‌లో మా సార్ కొన్నాడని కొన్నా" అన్నాడు.