తోట పనికి బిల్లు: నేను రాసే పద్ధతి

విజయనగరంలో పదకొండేళ్లుగా ఇళ్లకీ, రిసార్టులకీ తోటలు వేస్తున్నాను. మొక్కని బతికించడం తొందరగానే వచ్చింది, బిల్లు రాయడమే రాలేదు. మొదట్లో భోగాపురం వైపు ఒకాయనకి లాన్ వేసి, తెల్లకాగితం మీద ‘తోట పని – 86,000’ అని ఒక్క లైను రాసిచ్చాను. “ఏటి బాబూ, గడ్డికి ఇంతేటి?” అన్నారు. ఎర్రమట్టి ఎన్ని ట్రాక్టర్లు తోలించానో, కడియం నుంచి మొక్కలు తెచ్చిన వ్యానుకి ఎంతయిందో కాగితంలో లేదు. పన్నెండు వేలు వదులుకుని వచ్చాను.

అందుకే ఇప్పుడు ముందు కొటేషన్. లాన్ ఎన్ని చదరపు అడుగులు, మట్టి ఎన్ని ట్రాక్టర్లు, ఏ మొక్కలు ఎన్ని, ఎంత ఎత్తువి, కూలి, కిరాయి – ఒక్కోటీ ఒక్కో లైను. చచ్చిన మొక్కని ఎన్నాళ్లలోపు మార్చిస్తానో కూడా రాస్తాను. నేనిచ్చేది 30 రోజులు, అదీ వాళ్లు రోజూ నీళ్లు పోస్తేనే. వాట్సాప్‌లో “సరే” అని వచ్చాకే పార పడుతుంది. పనయ్యాక బిల్లూ అదే వరుసలో ఉంటుంది కాబట్టి బేరానికి చోటుండదు.

ఇక జీఎస్టీ. మనలా పనిచేసి పెట్టేవాళ్లకి ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే: మొక్కల అమ్మకానికి పన్ను లేకపోయినా ఆ డబ్బు కూడా ఈ 20 లక్షల లెక్కలోకి వస్తుంది. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు పన్ను పేరుతో ఒక్క రూపాయి కూడా వసూలు చేయకూడదు.

రిజిస్ట్రేషన్ ఉంటే బిల్లు మీద మీ జీఎస్టీ నంబరు (మన రాష్ట్రానికి 37తో మొదలవుతుంది), వరుస నంబరు, తేదీ, సర్వీసు కోడ్ 9985 వేయండి. పని పూర్తయిన 30 రోజుల్లోపు బిల్లు ఇచ్చేయాలి. ఉత్త మొక్కలే అమ్మితే పన్ను లేని ‘బిల్ ఆఫ్ సప్లై’ చాలు. మొత్తం తోట ఒకే కాంట్రాక్టుగా తీసుకుంటే మాత్రం మొక్కల్ని విడిగా రాసినంత మాత్రాన పన్ను తగ్గుతుందనుకోకండి. అలాంటి పనులకి నేను ఆడిటర్‌కి చూపించకుండా బిల్లు ఇవ్వను.

కంపెనీలకి పనిచేస్తే టీడీఎస్ (మన ఆదాయపు పన్ను కింద బిల్లులోంచి ముందే కోసుకునే డబ్బు) పట్టుకుంటారు. కూలీ బిల్లు 40,000 అనుకుందాం. 18 శాతం జీఎస్టీ 7,200 కలిపి 47,200. మీరు సొంత పేరు మీద వ్యాపారం చేస్తుంటే టీడీఎస్ 1 శాతం, అదీ జీఎస్టీ కలపని 40,000 మీదే. అంటే 400 పోను 46,800 చేతికి రావాలి. జీఎస్టీ విడిగా చూపించకపోతే మొత్తం మీద పట్టుకుంటారు. బిల్లు మీద పాన్ రాయడం మరిచిపోవద్దు, పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది. పట్టుకున్న 400 ఇన్‌కంట్యాక్స్ పోర్టల్‌లో మీ పాన్ కింద కనబడాలి. కనబడకపోతే వాళ్ల అకౌంటెంట్‌కి ఫోన్ చేయండి, మొహమాటపడకండి.