నెట్‌వర్క్ వైరింగ్ గదికి చోటు ఖరారు చేసే ముందు జాగ్రత్తలు

భవనం ప్లాను మీద నెట్‌వర్క్ స్విచ్‌ల (కంప్యూటర్లనూ ఇతర పరికరాలనూ కేబుళ్లతో కలిపే పెట్టెల) గదిని గుర్తించే ముందు, అక్కడి నుంచి అన్నిటికంటే దూరంగా ఉన్న నెట్‌వర్క్ గోడ సాకెట్ వరకు కేబుల్ నడిచే దారిని కొలవాలి. స్కేలుతో తిన్నగా గీసిన దూరం కాదు, కేబుల్ సీలింగ్‌కు ఎక్కి, మలుపులు తిరిగి, గోడ వెంట కిందికి దిగే మొత్తం పొడవును లెక్కలోకి తీసుకోవాలి. రాగి కేబుల్‌కు ప్యాచ్ ప్యానెల్ (గదిలో కేబుళ్లన్నీ వచ్చి చేరే పలక) నుంచి సాకెట్ వరకు 90 మీటర్లు, రెండు చివర్ల ప్యాచ్ కార్డులతో (పరికరాలకు తగిలించే పొట్టి కేబుళ్లతో) కలిపి 100 మీటర్లు పరిమితి కనుక, అది దాటే అంతస్తులో రెండో గది తప్పదు.

అన్ని అంతస్తుల గదులూ ఒకదానిపై ఒకటి వచ్చేలా చూడాలి. స్లాబులో కేబుళ్ల కోసం తొలిచిన రంధ్రాలను మంటలను అడ్డుకునే పదార్థంతో మూయించాలి.

గది పైకప్పు మీద బాత్‌రూము గానీ నీటి పైపులు గానీ లేవని స్వయంగా వెళ్లి చూసుకోవాలి. ఖాళీగా ఉంది కదా అని మెట్ల కింది చోటు ఇస్తామంటే ఒప్పుకోకపోవడమే మేలు, ఎందుకంటే చీపుర్లూ పెయింటు డబ్బాలూ చివరికి అక్కడికే చేరతాయి.

వేడి విషయంలోనే ఎక్కువమంది పొరబడతారు. కెమెరాలకూ వైఫై పరికరాలకూ కేబుల్ ద్వారానే కరెంటు ఇచ్చే కొత్త రకం స్విచ్ ఒక్కో పోర్టు నుంచి 90 వాట్ల వరకు ఇవ్వగలదు, ఆ పనిలో తానూ వేడెక్కుతుంది. రాత్రి ఆఫీసు ఏసీ ఆపేసినా స్విచ్‌లు నడుస్తూనే ఉంటాయి కాబట్టి, ఈ గదికి విడిగా చల్లదనం, యూపీఎస్, ప్రత్యేక విద్యుత్ సర్క్యూట్, ఎర్తింగ్ ఉండాలని ఎలక్ట్రీషియన్‌కు ముందే రాతపూర్వకంగా తెలియజేయాలి.

స్విచ్‌లు బిగించే ర్యాక్ (లోహపు చట్రం) ముందూ వెనకా మనిషి నిలబడి పనిచేసే జాగా, బయటికి తెరుచుకునే తలుపు, దానికి తాళం ఉండాలి.