అమ్మానాన్నలతో అలాస్కా క్రూయిజ్‌కి వెళ్లాలంటే

సియాటిల్‌లో ఎక్కి అక్కడే దిగే ఏడు రాత్రుల ట్రిప్ తీసుకోండి. పెద్దవాళ్లకు మళ్లీ విమానం ఎక్కే బాధ ఉండదు. బుక్ చేసేముందు రూట్‌లో గ్లేసియర్ బే (అలాస్కాలో హిమానీనదాలున్న నేషనల్ పార్కు) ఉందో లేదో చూడండి. అక్కడికి రోజుకు రెండు పెద్ద క్రూయిజ్ ఓడలనే రానిస్తారు, అందుకే అన్ని ట్రిప్పుల్లోనూ ఉండదు. నన్నడిగితే దారిలో ఆగే జూనో, కెచికాన్ ఊళ్లు ఒక ఎత్తు, గ్లేసియర్ బేలో గడిపే ఆ ఒక్క రోజు ఒక ఎత్తు.

అక్కడి మార్జరీ హిమానీనదం ముందు ఓడ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి రెండు వైపులవాళ్లకూ కనిపిస్తుంది. బాల్కనీ గది లేదని బెంగ వద్దు, పొద్దున్నే పై డెక్కు మీదకు చేరండి. ముందు మంచు పెళ్ల నీళ్లలోకి జారడం కనిపిస్తుంది, ఆ తర్వాతే ఉరుములాంటి చప్పుడు. మంకీ క్యాప్‌లో ఉన్న నాన్న రెండుసార్లు ఉలిక్కిపడ్డారు.

అసలు తలనొప్పి వీసా. ఇలాంటి ట్రిప్పుల్లో ఓడ చట్టప్రకారం ఒక విదేశీ రేవులో ఆగాలి, సాధారణంగా కెనడాలోని విక్టోరియాలో ఆగుతుంది. ఇండియన్ పాస్‌పోర్టు ఉంటే కెనడా వీసా కావాలి, తిరిగి రావడానికి అమెరికా వీసా కూడా చెల్లుబాటులో ఉండాలి. మేం ఆలస్యంగా అప్లై చేశాం. అమ్మ వీసా బయల్దేరే నాలుగు రోజుల ముందు వచ్చింది, అప్పటిదాకా ఇంట్లో ఒకటే టెన్షన్. మీరు టికెట్ కొన్న వారమే మొదలుపెట్టండి.