ఖాళీ ఉందంటుంది, సర్వర్ ఇవ్వదు: ఆటోమేటిక్ కేటాయింపులో చిక్కులు, పరిష్కారాలు

విజయవాడ ఆటోనగర్‌లోనో, గుంటూరు బ్రాడీపేటలోనో రెండు మూడు ర్యాకులు పెట్టుకుని సొంతంగా ఓపెన్‌స్టాక్ (సర్వర్లను క్లౌడ్‌లా పంచి ఇచ్చే సాఫ్ట్‌వేర్) నడిపే ఆఫీసుల్లో తరచూ వినపడే మాట: "అన్నా, కెపాసిటీ అయిపోయింది, ఇంకో సర్వర్ కొనాలి." కొనే ముందు లెక్క చూడండి. సర్వర్లు నిజంగా నిండిపోవడం కంటే లెక్క తప్పడమే ఎక్కువ.

సమస్య: ర్యామ్ బోలెడు ఖాళీ, వీఎం మాత్రం రాదు

64 జీబీ ర్యామ్‌తో వీఎం (సర్వర్ లోపల నడిచే వర్చువల్ మెషిన్) అడిగితే ‘నో వ్యాలిడ్ హోస్ట్ వాజ్ ఫౌండ్’ అంటుంది, అంటే సరిపడే హోస్ట్ (వీఎంలను మోసే అసలు సర్వర్) దొరకలేదని. డ్యాష్‌బోర్డులో చూస్తే 480 జీబీ ఖాళీ. ఆ మొత్తాన్ని నమ్మకూడదు. వీఎం ఒక్క హోస్ట్‌లోనే పట్టాలి, పది హోస్ట్‌లలో మిగిలిన చిల్లర కలిపి ఇవ్వడం కుదరదు.

ఓపెన్‌స్టాక్‌లో ఈ లెక్క చూసే ప్లేస్‌మెంట్ సర్వీసు ప్రతి హోస్ట్‌కీ మొత్తంలోంచి రిజర్వ్ తీసేసి, మిగిలినదాన్ని అలొకేషన్ రేషియోతో (ఉన్నదాన్ని ఎన్ని రెట్లుగా పంచవచ్చో చెప్పే అంకె) గుణిస్తుంది. 256 జీబీ సర్వర్‌లో 16 జీబీ హోస్ట్ కోసం పక్కన పెట్టి, రేషియో 1 ఉంచితే వాడుకోవడానికి 240 జీబీ. అందులో 64 జీబీవి మూడే పడతాయి, 48 జీబీ మిగిలిపోతుంది. అలాంటి సర్వర్లు పది ఉంటే అదే మీ 480.

పరిష్కారం ముందు ఫ్లేవర్ (వీఎంకి ముందే నిర్ణయించి పెట్టే కొలత) సైజులో ఉంది. 60 జీబీ పెడితే ఒక్కో హోస్ట్‌లో నాలుగు సరిగ్గా సరిపోతాయి. ఇప్పటికే ఉన్నవాటిని రీసైజ్ చేస్తే రీస్టార్ట్ అవుతాయి కాబట్టి ఆ పని రాత్రికి పెట్టుకోండి. చిన్న వీఎంలు అన్ని హోస్ట్‌ల మీదా చెదిరి ఉండటమే కారణమైతే లైవ్ మైగ్రేషన్‌తో (నడుస్తున్న వీఎంని ఆపకుండా వేరే హోస్ట్‌కి మార్చడం) ఒకచోటికి చేర్చండి. మళ్లీ చెదరకుండా ఉండాలంటే ఏ వీఎం ఏ హోస్ట్‌కి వెళ్లాలో తేల్చే షెడ్యూలర్‌ని కూడా మార్చాలి. మామూలుగా అది ర్యామ్, సీపీయూ, డిస్క్ ఎక్కువ ఖాళీ ఉన్న హోస్ట్‌నే ముందు ఎంచుకుంటుంది, అంటే వీఎంలను అన్నిచోట్లా చల్లుకుంటూ పోతుంది. ర్యామ్, సీపీయూ, డిస్క్ వెయిట్ మల్టిప్లయర్లని (ఆ ఖాళీకి ఎంత విలువ ఇవ్వాలో చెప్పే అంకెలు) మైనస్‌లో పెడితే ఒక హోస్ట్‌ని నింపాకే ఇంకోదాని జోలికి పోతుంది. ఆ హోస్ట్ పడిపోతే ఒకేసారి ఎక్కువమంది ఇబ్బంది పడతారన్నది నిజమే. అయినా పెద్ద వీఎంలు అడిగే చోట నేను దీనికే ఓటేస్తాను.

రేషియో పెంచేసి గట్టెక్కుదామని కొందరు చూస్తారు. సీపీయూకి 4 పెట్టినా నడిచిపోతుంది, వీఎంలు తమ వంతు కోసం కాసేపు ఆగుతాయి, అంతే. ర్యామ్‌కి 1 దాటిస్తే మాత్రం అందరూ ఒకేసారి వాడిన రోజున ఓఓఎం కిల్లర్ (మెమరీ అయిపోతే ఏదో ఒక ప్రోగ్రామ్‌ని ఆపేసే లినక్స్ భాగం) ఎవరో ఒకరి వీఎంని చంపేస్తుంది.

సమస్య: వీఎంలు తీసేసినా ఖాళీ పెరగలేదు

మైగ్రేషన్ సగంలో తెగినా, హోస్ట్ ఉన్నట్టుండి ఆగిపోయినా పాత కేటాయింపు రికార్డు అలాగే మిగిలిపోవచ్చు. గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు ఎత్తుకెళ్లాక కూడా రిజిస్టర్‌లో పేరు కొట్టేయకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇవ్వరు, ఇదీ అంతే.

నోవా (ఓపెన్‌స్టాక్‌లో వీఎంలను నడిపే భాగం) తో వచ్చే నోవా-మేనేజ్ కమాండ్‌లో ప్లేస్‌మెంట్ ఆడిట్ నడపండి. మొదటిసారి డిలీట్ ఆప్షన్ వద్దు, జాబితా చూపిస్తే చాలు. అందులోని వీఎంలు నిజంగానే లేవని, మైగ్రేషన్ ఏదీ నడవడం లేదని తేల్చుకున్నాకే డిలీట్‌తో నడపండి. దీనికి తిరగబడ్డ కేసు కూడా ఉంటుంది: వీఎం నడుస్తుంటుంది, లెక్కలో ఉండదు. దానికి హీల్ అలొకేషన్స్ అనే కమాండ్ ఉంది.

సమస్య: సర్వర్ కేటాయించింది, ఓఎస్ మాత్రం ఎక్కదు

బేర్ మెటల్ సర్వర్ (వీఎం కాకుండా మొత్తం మెషిన్‌నే ఇచ్చేది) అయితే కన్సోల్ తెరిచి కోడ్ చూడండి, ఊహించి లాభం లేదు. పీఎక్స్ఈ అంటే నెట్‌వర్క్ నుంచి బూట్ అయ్యే పద్ధతి; పీఎక్స్ఈ-ఈ51 వస్తే ఐపీ అడ్రస్ ఇచ్చే డీహెచ్‌సీపీ నుంచి జవాబు రాలేదు. స్విచ్ పోర్టు వేరే వీల్యాన్‌లో (స్విచ్‌లో విడదీసిన వేరే నెట్‌వర్క్) ఉండొచ్చు. అది సరిగ్గానే ఉంటే అనుమానించాల్సింది స్పానింగ్ ట్రీని (నెట్‌వర్క్‌లో లూపులు రాకుండా స్విచ్ చేసే ఏర్పాటు). పాత పద్ధతిలో పోర్టు తెరుచుకోవడానికి 30 సెకన్లు పడుతుంది, ఈలోగా సర్వర్ విసిగి వదిలేస్తుంది. సర్వర్లు తగిలించిన పోర్టుల్లో పోర్ట్‌ఫాస్ట్ (ఆ ఆగడం లేకుండా చేసే సెట్టింగ్) ఆన్ చేయండి. పీఎక్స్ఈ-ఈ32 వస్తే ఐపీ దొరికింది, బూట్ ఫైల్ పంపే టీఎఫ్‌టీపీ దగ్గర ఆగింది. ఆ సర్వీసు నడుస్తోందా, ఫైర్‌వాల్ యూడీపీ 69ని ఆపుతోందా చూడండి. ఫైల్ దిగాక కూడా బూట్ కాకపోతే, యూఈఎఫ్ఐ (కొత్త తరహా బూట్) మెషిన్‌కి పాత బయోస్ ఫైల్ వెళ్తోందేమో చూసుకోండి.

సమస్య: కరెంటు పోయి వచ్చాక సగం హోస్ట్‌లు గల్లంతు

యూపీఎస్ చేతులెత్తేసి, కరెంటు తిరిగొచ్చినప్పుడు అన్నీ ఒకేసారి లేస్తాయి. స్విచ్, స్టోరేజీ ఇంకా సిద్ధం కాకముందే హోస్ట్‌లు వెతుక్కుని, దొరక్క ఆగిపోతాయి. సర్వర్లలో పవర్ రిస్టోర్ పాలసీని (కరెంటు రాగానే దానంతట అదే లేవాలా అనే సెట్టింగ్) ఆఫ్‌లో పెట్టండి. బీఎంసీకి (సర్వర్‌ని దూరం నుంచి ఆన్, ఆఫ్ చేసే చిన్న చిప్) స్టాండ్‌బై కరెంటు అందుతూనే ఉంటుంది కాబట్టి, స్విచ్‌లు లేచాక ఐపీఎంఐ (బీఎంసీతో మాట్లాడే పద్ధతి) స్క్రిప్టుతో వరసగా లేపవచ్చు: స్టోరేజీ, ఓపెన్‌స్టాక్‌ని నడిపించే కంట్రోలర్, ఆ తర్వాత హోస్ట్‌లు కొన్ని కొన్నిగా. హోస్ట్ లేచినా వీఎంలు లేవలేదంటే కంగారొద్దు, నోవాలో అది డిఫాల్ట్. రెజ్యూమ్ గెస్ట్స్ స్టేట్ ఆన్ హోస్ట్ బూట్ అనే సెట్టింగ్‌ని ట్రూ చేయాలి.

సమస్య: మధ్యాహ్నం పూట మాత్రమే కొత్త వీఎంలు నత్తనడక

మే నెల బెజవాడ ఎండల్లో ఒక ఏసీ ఆగినా గది వేడెక్కిపోతుంది, సీపీయూలు వేగం తగ్గించుకుంటాయి. మామూలు సెట్టింగ్స్‌తో నడిచే షెడ్యూలర్‌కి ఆ వేడి సంగతి తెలియదు, కోర్లు ఖాళీగా ఉన్నాయని ఇంకా నింపుతూనే ఉంటుంది. సర్వర్ల ముందువైపు గాలికి ఆష్రే (కూలింగ్ ప్రమాణాలు రాసే సంస్థ) సిఫార్సు 18–27 డిగ్రీలు. 32 దాటగానే ఆ హోస్ట్‌లో కంప్యూట్ సర్వీసు డిసేబుల్ అయ్యేలా బీఎంసీ రీడింగుకి ఒక స్క్రిప్టు తగిలించండి; నడుస్తున్న వీఎంలకు ఏమీ కాదు, కొత్తవి మాత్రం అటు వెళ్లవు. తర్వాత ర్యాక్‌లో ఖాళీ స్లాట్లకు బ్లాంకింగ్ ప్యానెళ్లు బిగించి, ఏసీ ఫిల్టర్లు దులపండి. ఆటోనగర్ దుమ్ముకి అవి ఊరికే మూసుకుపోతాయి.