పోగు తెగిన చోటే అతకాలి

నాలుగో తరగతి తెలుగు పాఠంలో "చెరువు" అన్న మాటను ఒక పిల్లవాడు "చెరుమ" అని చదివాడు. తరగతి గొల్లుమంది. నేనూ నవ్వాను. పైగా "చెరుమ అంటే ఏమిటిరా?" అని అడిగాను. వాడు పుస్తకం మూసి కిటికీ వైపు చూశాడు, ఆ రోజంతా మళ్లీ తెరవలేదు.

ఇంటికొచ్చాక అదే పేజీ ముందు పెట్టుకుని చాలాసేపు చూశాను. "వు"కూ "మ"కూ తేడా ఎంతని? ఒకదానిలో కొమ్ము అక్షరం కిందకు దిగి లేస్తుంది, ఇంకోదానిలో పక్క నుంచే లేస్తుంది. అంతే. మన కంటికి ఆ తేడా ఎప్పుడో అలవాటైపోయింది. వాడి కంటికి కాలేదు.

మాది నల్లగొండ జిల్లాలో చండూరు, గట్టుప్పల్ వైపు చేనేత ఊరు. ఆ పిల్లవాడు బడి వదలగానే ఇంటికి పోయి తండ్రికి నేతకు కావాల్సిన నూలు కండెలు చుడతాడు. ఏ చీరకు ఏ రంగు కండెలు ఎన్ని కావాలో ఒక్కసారి చెబితే చాలు. నేను తరగతిలో చదివి వినిపించిన కథను మరునాడు వాళ్ల అమ్మకు నాకంటే రుచిగా చెప్పాడట. అలాంటివాణ్ని మూడేళ్లుగా మేమంతా "మొద్దు" అని పిలుస్తూ వచ్చాం. పేరు రాయను, కండెల అబ్బాయి అంటాను.

ఇరవై మూడేళ్లుగా ప్రాథమిక బడుల్లో పని చేస్తున్నాను. తెలివి ఉండీ చదవలేకపోయే పిల్లలకు నేర్పడం గురించి ఇక్కడ రాసేది నిపుణురాలి మాట కాదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉన్న భవిత కేంద్రం రిసోర్స్ టీచర్ దగ్గర కొంత నేర్చుకున్నాను, మిగతాది పిల్లల దగ్గరే నేర్చుకున్నాను. తోటి ఉపాధ్యాయులకూ ఇంట్లో పిల్లల పక్కన కూర్చునే అమ్మానాన్నలకూ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఒక జాగ్రత్త. చదవలేని ప్రతి బిడ్డకూ డిస్‌లెక్సియా (తెలివి ఉన్నా చదవడం దగ్గరే వచ్చే ఇబ్బంది) అని పేరు పెట్టకండి. చూపు చూపించారా? చెవి? బడికి వచ్చే ఆరోగ్య బృందం వాళ్లు చూసే రోజున ఆ బిడ్డ బడికి వచ్చాడా? పాలమూరు వైపు పని చేసినప్పుడు అమ్మానాన్నలతో వలస పోయి నాలుగు నెలలకు తిరిగొచ్చే పిల్లలుండేవారు. వాళ్ల కష్టం చదువు అందకపోవడం, అంతకు మించి మరేమీ లేదు. దేవరకొండ వైపు తండాలో చేసినప్పుడు ఇంకో సంగతి తెలిసింది. ఒకటో తరగతి బిడ్డ ఇంట్లో లంబాడీ మాట్లాడుతుంది, బడిలో తెలుగు వింటుంది. ఆ అమ్మాయికి "ఉడుత" చదవడం రాకపోవడం కాదు, ఉడుత అంటే ఏమిటో తెలియదు. బొమ్మ చూపించి, వాళ్ల భాషలో ఏమంటారో నేనే అడిగి నేర్చుకున్నాక చదివింది.

ఇవేవీ కాదని తేలితే ఒక పని చేయండి. వాళ్ల తరగతి పాఠం ఒక పేరా మీరే చదివి వినిపించి నాలుగు ప్రశ్నలు అడగండి. తరువాత అంతే కష్టమున్న ఇంకో పేరా వాణ్ని చదవమని అవే తరహా ప్రశ్నలు అడగండి. విన్నదానికి టకటకా జవాబు చెప్పి, చదివినదానికి నోరు మెదపకపోతే చిక్కు తెలివిలో లేదు, అక్షరం దగ్గర ఉంది. ఇది పరీక్ష కాదు, నిర్ధారణ అసలే కాదు. మీరు ఎక్కడ మొదలుపెట్టాలో మీకు చెబుతుంది.

ఇక్కడే అందరం ఒకే తప్పు చేస్తాం. "పునాది లేదు" అని మళ్లీ అ, ఆ నుంచి మొదలుపెడతాం. నాలుగో తరగతి పిల్లవాడికి ఒకటో తరగతి వాచకం ఇచ్చి వెనక బెంచీలో కూర్చోబెడతాం. మగ్గం మీద పోగు తెగితే నేతగాడు పడుగంతా విప్పి మళ్లీ మొదటి నుంచి పోస్తాడా? తెగిన చోటు వెతికి అక్కడే అతుకుతాడు. ఈ మాట నాకు చెప్పింది కండెల అబ్బాయి నాన్నే. నేను వాడికి అ, ఆలు దిద్దిస్తున్నానని తెలిసి బడికి వచ్చి కాస్త చిరాగ్గానే అన్నాడు.

తెగిన చోటు వెతకడానికి నేను ఒక కాగితం మీద నాలుగు వరుసలు రాస్తాను. మొదటి వరుసలో తలకట్టు మాటలే: పలక, కడవ, వల, మర. రెండో వరుసలో గుణింతాలు: మేక, కోడి, నీరు, చెరువు. మూడో వరుసలో ద్విత్వాలు: మగ్గం, ఎద్దు, అమ్మ, తల్లి. నాలుగో వరుసలో సంయుక్తాలు: పుస్తకం, రాత్రి, చక్రం, పద్మం. వరుసకు ఇలాంటివి ఎనిమిది మాటలు చాలు. బిడ్డను విడిగా, మధ్యాహ్న భోజనం తరువాత పిల్లలంతా బయట ఆడుకునేటప్పుడు కూర్చోబెట్టండి. వాడు ఏమి చదివితే అది ఉన్నదున్నట్టు పక్కన రాసుకోండి. దిద్దకండి, "ఊహూ" అనకండి, కనుబొమలు కూడా ఎగరేయకండి. తప్పు అని ఇంటు గుర్తు పెడితే మీకేమీ తెలియదు. "చెరుమ" అని రాసుకుంటే అంతా తెలుస్తుంది.

తెలుగులో అక్షరం ఎలా ఉంటే దాదాపు అలాగే పలుకుతాం. అందుకే మన పిల్లల్లో ఈ ఇబ్బంది ఇంగ్లిష్‌లో కనిపించినట్టు కనిపించదు. చాలామంది చివరికి సరిగానే చదువుతారు, కానీ నత్తనడక. మాట పూర్తయ్యేసరికి ముందు చదివింది మరిచిపోతారు. కాబట్టి ఎంతసేపు పట్టిందో కూడా రాసుకోండి. వాచకాల్లో పక్కపక్కనే వచ్చే బ-భ, ద-ధ, ప-ఫ, ఎ-ఏ, విడిగా వచ్చినా పోలిక ఉన్న మ-య, న-స. ఇవి ఎక్కువగా చిక్కుపడే జతలు. వర్ణమాల వరుస మనకు కంఠస్థం చేయడానికి బాగుంటుంది, ఈ పిల్లలకు మాత్రం అదే ఇబ్బంది. ఒకే పోలిక ఉన్నవాటిని ఒకే రోజు నేర్పడం కవలలను ఒకే చొక్కా తొడిగి పరిచయం చేయడం లాంటిది. ఒకదాన్ని రెండు వారాలు గట్టిపరచి, నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగాకే రెండోది చూపించండి.

నేర్పే తీరు ఇది. గట్టి అట్ట మీద అరచేయంత అక్షరం రాసి, గీత మీద జిగురు పూసి లావుపాటి నూలు పోగు అతికిస్తాను. మా ఊళ్లో పోగులకు కరువా! బిడ్డ చూపుడు వేలితో ఆ పోగు మీద నడుస్తూ, వేలు కదిలినంతసేపూ శబ్దం పైకి పలకాలి. తరువాత పళ్లెంలో జల్లించిన ఇసుక మీద రాయాలి, పలుకుతూనే. ఆ తరువాత కళ్లు మూసుకుని. చివరికి పలక మీద. చాలామంది ఇసుక దాకా చేస్తారు, పలకడం వదిలేస్తారు. అప్పుడది బొమ్మలు గీయడమే అవుతుంది. కన్ను, చెవి, నోరు, చేయి నాలుగూ ఒకేసారి ఒకే అక్షరాన్ని పట్టుకోవడమే ఇందులో కిటుకు. అమెరికాలో 1930ల్లో శామ్యూల్ ఆర్టన్ అనే వైద్యుడు, ఆనా గిల్లింగ్‌హామ్ అనే విద్యావేత్త ఈ దారిలోనే ఒక పద్ధతి తయారుచేశారు, ఇప్పటికీ వాళ్ల పేర్లతోనే చెబుతారు. మనమేమో పళ్లెంలో బియ్యం పోసి, బిడ్డ వేలు పట్టుకుని, పలికిస్తూ ఓనమాలు దిద్దిస్తాం. ఒక్కరోజు చేసి, ఫొటో తీసుకుని, బియ్యం డబ్బాలో పోసేస్తాం.

కూర్చోబెట్టింది పది నిమిషాలు మించకూడదు. రోజూ పది నిమిషాలు చాలు. ఆదివారం గంటన్నర కూర్చోబెట్టడం వల్ల ఏడుపు తప్ప ఏమీ రాదు.

వత్తుల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే. కొన్ని వత్తులు తల్లి అక్షరం పోలికతోనే ఉంటాయి, తలకట్టు తీసేసి చిన్నగా కింద కూర్చుంటాయి: మగ్గంలో గ, ఎద్దులో ద, గడ్డిలో డ, అవ్వలో వ. ముందు ఇవే నేర్పండి. పోలిక లేనివి త, న, మ, య, ర, ల. వీటిని ఎలా గుర్తుపెట్టించాలా అని నేను తల బద్దలుకొట్టుకుంటుంటే ఒకరోజు బోర్డు మీద కుటుంబం పాఠం రాస్తూ ఆగిపోయాను. అమ్మలో మ వత్తు. నాన్నలో, అన్నలో న వత్తు. అత్తలో త వత్తు. అయ్యలో య వత్తు. తల్లిలో, చెల్లిలో ల వత్తు. మారువేషం వేసిన వత్తులన్నీ మన ఇంట్లోనే ఉన్నాయి! ర వత్తు ఒక్కటే బయటిది, దానికి "రాత్రి" పెట్టుకున్నాం. అప్పటి నుంచి కుటుంబం ఫొటోలాగా ఒక చార్టు గోడకు వేలాడుతోంది. ఒక్కొక్కరి బొమ్మ కింద పేరు, వత్తు మాత్రం ఎర్ర పోగుతో. "కొత్త" దగ్గర బిడ్డ ఆగితే నేను చెప్పను, "ఇది ఎవరింటి వత్తు?" అంటాను. గోడ వైపు చూసి "అత్త" అంటాడు, "కొత్త" అని చదువుతాడు. వారానికి ఒక్క వత్తు. ఆరు వారాలు అనుకుంటే తొమ్మిది పట్టింది, మధ్యలో బతుకమ్మ సెలవులు కూడా వచ్చాయి.

పెద్ద మాట వస్తే కత్తిరించండి. "పుస్తకం" అని చీటీ మీద రాసి పు, స్త, కం అని మూడు ముక్కలు చేసి కలిపించండి. చప్పట్లతో కూడా చేయించవచ్చు. చీటీలు లేకుండా, నడుస్తూ ఆడే ఆట ఒకటుంది: "పలకలో ప తీసేస్తే ఏమి మిగిలింది?" "లక." ఇది చెవికి పని. ఇందులో తడబడే బిడ్డ చదవడంలోనూ తడబడతాడు, అందుకే ఆటను చిన్నచూపు చూడవద్దు.

తరగతిలో అప్పటికప్పుడు లేపి గట్టిగా చదవమనడం మానేశాను. రేపు చదవాల్సిన నాలుగు వాక్యాలు ఈ రోజే ఇచ్చి పంపుతాను. ఇంట్లో అక్క చదువుతుంటే వాడు వేలు పెట్టుకుని ఆమెతో పాటే చదువుతాడు. మరునాడు అవే నాలుగు వాక్యాలు తరగతిలో అడుగుతాను. మోసం కదా అని ఒక సహోద్యోగి అన్నారు. నాటకంలో వేషం వేసేవాళ్లు పద్యం ముందు రోజు నేర్చుకోవడం మోసమా? బోర్డు మీది నోట్సు ఎక్కించుకోవడం కూడా ఇలాంటి పిల్లలకు శిక్షే. తల ఎత్తి దించేలోపు వరస తప్పుతుంది. కాగితం మీద రాసి పక్కన పెట్టండి. జవాబు నోటితో చెబితే మార్కులు వేయండి. ఇక తప్పు మాటను యాభైసార్లు రాయించడం నేను ఏళ్ల తరబడి చేశాను. "చెరువు" యాభైసార్లు రాయమంటే మొదటి ఆరు సరిగ్గా, మిగిలిన నలభై నాలుగు తప్పుగా రాసిన నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరుంది.

లెక్కల దగ్గర క్లుప్తంగా చెబుతాను. "నూట ఏడు" రాయమంటే 1007 రాస్తారు. విన్నది విన్నట్టు రాశారు పాపం, నూరు, దాని పక్కన ఏడు. అట్టముక్కల మీద 100, 20, 7 లాంటి అంకెలు విడివిడిగా రాసుకోండి. వంద ముక్క చివరి సున్నా మీద ఏడు ముక్క పెడితే 107 కనిపిస్తుంది. కండెల అబ్బాయికి మాత్రం పది కండెలు కట్టిన కట్టలే అన్నిటికన్నా బాగా పనికొచ్చాయి. గళ్ల నోటుబుక్కు ఇస్తే ఒకట్లు పదుల కిందకు జారవు. ఎక్కాలు అప్పజెప్పించకండి, పట్టిక ముందుంచి లెక్క చేయనివ్వండి. లెక్క వేరు, కంఠస్థం వేరు.

కాగితాల సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇలాంటి అభ్యసన వైకల్యాలు ఉన్నాయి. ఎనిమిదేళ్లు నిండాకే ధ్రువపత్రం ఇస్తారు, 14 ఏళ్లకు, 18 ఏళ్లకు మళ్లీ చూపించుకోవాలి. అది ఉంటే పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడి వంటి వెసులుబాట్లు అడగవచ్చు. పదో తరగతిలో పరీక్షల ముందు పరిగెత్తేకంటే ముందుగానే భవిత కేంద్రంలో అడగండి. ఒక కార్యాలయంలో నన్ను మూడుసార్లు తిప్పి "పిల్లవాడు బాగానే నడుస్తున్నాడు కదమ్మా" అన్నారు. కోపం దిగమింగుకుని వాడి యాభైసార్ల నోటుబుక్కు బల్ల మీద పెట్టాను. దరఖాస్తు తీసుకున్నారు. అందుకే నోటుబుక్కులు పారేయకండి.

వేసవి సెలవుల తరువాత ఈ పిల్లలు కొంత వెనక్కి పోతారు. కంగారు పడవద్దు. జూన్‌లో బడి తెరవగానే ఆ నాలుగు వరుసల కాగితం మళ్లీ తీయండి, జారిన చోట రెండు వారాలు పని చేయండి. కండెల అబ్బాయికి నిరుడు గుణింతాలు నిలిచాయి, వత్తులు సగం జారాయి. ఆ నెలలోనే ఒక సాయంత్రం బస్సు కోసం నిలబడి ఉంటే వాడు నా పక్కకు వచ్చాడు. బస్సు వచ్చింది, బోర్డు చూస్తూ పెదవులు కదిపాడు. "న... ల్ల... గొం... డ." కండక్టరు ఈల వేస్తున్నాడు. నేను ఎక్కబోతుంటే వెనక నుంచి అరిచాడు: "టీచర్, చెల్లి వత్తు!"