సన్నటి వాళ్ళకి సరిపోయే బ్రా: మిమ్మల్నే కాదు, బ్రానీ కొలవండి

షాపులో "సైజు ఎంతమ్మా?" అంటే మన వైపు చాలామంది బ్లౌజు సైజే చెప్తారు. బ్లౌజు 32 అయితే బ్రా కూడా 32 అనుకుంటారు. కౌంటర్ వెనకున్నతనూ అదే నంబరు పెట్టె తీసి ముందు పెడతాడు. బ్లౌజులో 32 అంటే రొమ్ముల మీదుగా తీసిన చుట్టుకొలత. బ్రా మీది 32 మాత్రం పట్టీది, అంటే రొమ్ముల కింద పక్కటెముకల చుట్టూ తిరిగే భాగానిది. ఈ రెండూ కలిపేస్తే ఎవరికైనా ఇబ్బందే గానీ, సన్నటి వాళ్ళకి మరీను.

నేను తెనాలిలో ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. కొలతలకి వచ్చిన సన్నటి అమ్మాయిని వెనక్కి తిప్పి చూస్తే, పట్టీ వీపు మీద పైకెక్కి భుజం ఎముకల దగ్గర కూర్చుని ఉంటుంది. వెనక అది పైకి పోతే ముందు కప్పులు కిందికి జారతాయి. వాటిని పైకి లాగడానికి స్ట్రాపులు చివరిదాకా బిగిస్తారు, భుజాల మీద ఎర్రగా చారలు పడతాయి. అలాంటి బ్రా మీద కొలత తీసి కుడితే బ్లౌజు డార్టు, అంటే రొమ్ము దగ్గర ఆకారం కోసం వేసే మడత కుట్టు, ఉండాల్సిన చోటికంటే కిందికి వస్తుంది. తర్వాత ఎప్పుడైనా మంచి బ్రా వేసుకుని అదే బ్లౌజు తొడుక్కుంటే ముందు మడతలు. తప్పు టైలరుదే అంటారు మళ్ళీ! అందుకే పెళ్ళి బ్లౌజులకి వచ్చేవాళ్ళని ముందు బ్రా సంగతి తేల్చుకుని రమ్మంటాను. నాదీ సన్నటి ఒళ్ళే, కింద 28, పైన 32. కాబట్టి ఇక్కడ రాసేదంతా నా మీద కూడా ప్రయోగించి చూసుకున్నదే.

ముందు మీ కొలత. బట్టల టేపు తీసుకుని అద్దం ముందు నిలబడండి. రొమ్ముల కింద, సరిగ్గా మడత దగ్గర, టేపు చుట్టండి. వెనక టేపు పైకి పోకుండా నేలకి సమంగా ఉండాలి. ఇక్కడే అందరూ ఎక్కువగా తప్పుతారు కాబట్టి అద్దానికి పక్కగా తిరిగి చూసుకోండి. ఊపిరి వదిలి, టేపు ఒంటిని పట్టుకునేలా బిగించి చదవండి. వదులుగా వద్దు, బ్రా పట్టీ చేయాల్సిన పనే అది. రెండో కొలత రొమ్ముల మీదుగా, బాగా నిండుగా ఉన్న చోట. దీనికి టేపు బిగించకూడదు, ఊరికే తాకాలి. నిలబడి ఒకసారి, నడుం దగ్గర ముందుకి వంగి ఒకసారి తీసి మధ్యస్థంగా తీసుకోండి. పలచటి, పాడింగ్ లేని బ్రా వేసుకుని తీసినా పర్వాలేదు.

కింది కొలతే మీ పట్టీ సైజు. బేసి సంఖ్య వస్తే పైన ఒకటి, కింద ఒకటి రెండూ వేసి చూడాలి. పై కొలతలోంచి పట్టీ సైజు తీసేస్తే కప్పు అక్షరం వస్తుంది. ఒక అంగుళం తేడా ఉంటే ఎ, రెండు బి, మూడు సి, నాలుగు డి. నా లెక్కలో 32 లోంచి 28 పోతే 4, అంటే 28 డి.

ఈ మాట చెప్పగానే అమ్మాయిలు నవ్వుతారు. "డీ ఏంటక్కా, నాకా?" అని. డి అంటే పెద్ద రొమ్ములని ఒక అపోహ పాతుకుపోయింది. కప్పు అక్షరానికి విడిగా ఏ సైజూ లేదు, పక్కనున్న పట్టీ నంబరుతో కలిపి చదివితేనే అర్థం. 28 డి, 30 సి, 32 బి, 34 ఎ, ఈ నాలుగింటిలో కప్పులో పట్టేది దాదాపు ఒకటే. పట్టీ ఒక సైజు తగ్గితే కప్పు ఒక అక్షరం పెరగాలి. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే సగం కష్టం తీరుతుంది. నాలాంటి కొలతలున్నవాళ్ళకి 32 బి ఇచ్చినప్పుడు కప్పు బాగానే కూర్చుంటుంది, పట్టీ మాత్రం నాలుగంగుళాలు వదులు. కప్పు సరిపోయింది కదా అని ఏళ్ళ తరబడి అదే కొంటారు. ఇంకొందరు పట్టీ వదులైందని 30 బి తెచ్చుకుంటారు, అప్పుడు కప్పు చాలక పైన పొంగుతుంది, "నాకు బిగుతు పడదు" అని మళ్ళీ 32కే పోతారు. వాళ్ళు అడగాల్సింది 30 సి.

కింద 28, పైన 30 ఉన్నవాళ్ళ కథ వేరు. వాళ్ళది 28 బి, దానికి సమానం 30 ఎ. వాళ్ళకి 32 బి ఇస్తే పట్టీ వదులు, కప్పులు కూడా గుల్ల.

ఇప్పుడు అసలు తలనొప్పి. లేబుల్ మీద నంబరుని కూడా గుడ్డిగా నమ్మలేం. కొన్ని బ్రాల మీద 32 పక్కన 70 అని ఉంటుంది చూశారా? అది యూరప్ లెక్క, రొమ్ముల కింద 70 సెంటీమీటర్లు ఉన్నవాళ్ళకని. 70 సెంటీమీటర్లంటే ఇరవై ఏడున్నర అంగుళాలే! అదే బ్రాకి అంగుళాల్లో 32 అని పేరు. కింది కొలతకి నాలుగో అయిదో కలిపి సైజు చెప్పే పాత పద్ధతి తాలూకు మిగులు అది. కొన్ని కంపెనీల సైజు చార్టులు ఇప్పటికీ ఆ కలిపే లెక్కలోనే ఉంటాయి, కొన్ని కలపవు. కాబట్టి ఒక కంపెనీ 30 ఇంకో కంపెనీ 32 అంత సాగవచ్చు.

దీనికి నేను కనిపెట్టుకున్న మందు ఒక్కటే, టేపు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని షాపుకి వెళ్ళడం. బ్రాని బల్ల మీద పరిచి, హుక్కు చివర నుంచి కాజా చివర దాకా పట్టీని రెండు చేతులతో గట్టిగా లాగి, ఆ సాగిన పొడవు కొలవండి. హుక్కు మొదటి కాజాలో, అంటే అన్నిటికంటే వదులు దాంట్లో పడినట్టు లెక్కేసుకోండి. ఆ పొడవు మీ కింది కొలతకంటే ఒకటి, మహా అయితే రెండు అంగుళాలు ఎక్కువుంటే చాలు. నా కొలతకి 30 దాకా సాగితే తీసుకుంటాను. 34 దాకా పోతే లేబుల్ మీద 28 అని రాసున్నా వద్దు. రెండో మనిషి ఉంటే సులువు, ఒకరు లాగి పట్టుకుంటే ఒకరు కొలవచ్చు. తమాషా ఏంటంటే షాపుల్లో ఆ పట్టీని మన కళ్ళ ముందు ఇంత పొడుగు లాగి, "చూడండి మేడం, ఎంత సాగుతుందో, ఎవరికైనా పడుతుంది" అని గొప్పగా చెప్తారు. మనలాంటి వాళ్ళు వద్దనాల్సింది సరిగ్గా దాన్నే. "ఫ్రీ సైజు" అన్న మాట వినబడితే పక్క ర్యాకుకి నడవండి.

ఎక్కడ దొరుకుతాయి? చిన్న ఊళ్ళలో కప్పు అక్షరమే లేకుండా ఒట్టి నంబరుతో అమ్మే కాటన్ బ్రాలు ఎక్కువ. 28 అడిగితే చిన్నపిల్లల బిగినర్స్ బ్రా తీసి ఇస్తారు, పైగా "కాస్త ఒళ్ళు చేయమ్మా" అని ఉచిత సలహా. నిజం చెప్పాలంటే కప్పు ఎ లోపు ఉన్నవాళ్ళకి, ఇంట్లో వేసుకోవడానికి, ఆ బిగినర్స్ బ్రా నిక్షేపంలా ఉంటుంది, సిగ్గుపడక్కర్లేదు. నిండుగా ఉన్నవాళ్ళకి మాత్రం దాంట్లో కప్పు ఆకారమే ఉండదు, అణిగిపోతుంది. విజయవాడ బీసెంట్ రోడ్డు, హైదరాబాద్‌లో కోఠి సుల్తాన్ బజార్ లాంటి చోట్ల రకాలు ఎక్కువ కాబట్టి 30 సి, 30 డి దొరికే అవకాశం ఉంది. పండగ ముందు, ఆదివారం సాయంత్రం వెళ్ళకండి. మామూలు రోజు పొద్దున షాపు తెరిచిన కాసేపటికి వెళ్తే పెట్టెలు కిందికి దించి చూపించే ఓపిక వాళ్ళకీ ఉంటుంది, టేపు తీయడానికి మొహమాటం మనకీ ఉండదు. "చిన్న సైజు ఇవ్వండి" అనకండి, "30 సి కావాలి, 32 బి వద్దు" అని నంబరు, అక్షరం రెండూ చెప్పండి. ట్రయల్ రూము లేకపోతే లేబుల్ తీయకుండా తెస్తే మార్చి ఇస్తామని డబ్బు ఇచ్చే ముందే మాట తీసుకోండి.

ఆన్‌లైన్లో సులువు ఏంటంటే ముందు సైజు దగ్గర 28, 30 నొక్కి, మిగిలినవి మాత్రమే చూడవచ్చు. అలా కాక మోడల్ నచ్చాక సైజు వెతికితే నిరాశే. సైజు చార్టులో ముందు రొమ్ముల కింది కొలత అని ఉన్న గడి చదవండి, సైజు పేరు ఆ తర్వాత చూడండి. లోపలి బట్టలు చాలాచోట్ల వెనక్కి తీసుకోరు, ఆ ముక్క కొనే ముందే చూసుకోవాలి. మార్పిడి ఉన్న చోట పక్క పక్క సైజులు రెండూ తెప్పించుకుని ఒకటి పంపేయడం ఉత్తమం.

లండన్‌లోనో అమెరికాలోనో అక్కచెల్లెళ్ళు ఉన్నవాళ్ళకి ఇంకో దారి. పనాష్, ఫ్రేయా లాంటి బ్రిటిష్ బ్రాండ్లలో 28 పట్టీ మామూలుగా ఉంటుంది, అయితే అవి నిండు కప్పులకి పేరుపడినవి, డి దగ్గర్నుంచే మొదలయ్యేవి ఎక్కువ. 28 బి వాళ్ళు వాటి మీద ఆశ పెట్టుకోకండి. ఫోన్లో సైజు చెప్పేటప్పుడు ఏ దేశం సైజో కూడా చెప్పాలి. డీడీ దాకా రెండు దేశాల లెక్కా ఒకటే, ఆ తర్వాత బ్రిటన్ వాళ్ళు ఇ అంటే అమెరికా వాళ్ళు దాన్నే డీడీడీ అంటారు. యూరప్ లేబుళ్ళ మీద 28 పక్కన 60, 30 పక్కన 65 ఉంటుంది. దాన్ని మళ్ళీ అంగుళాల్లోకి మార్చే ప్రయత్నం చేయకండి, లేబుల్ ఎలా ఉంటే అలా అడగండి.

తెచ్చాక వేసుకుని చూడటానికీ ఒక వరస ఉంది. అన్నిటికంటే వదులు హుక్కు పెట్టుకోండి. ముందుకి వంగి, చంక వైపున్న కండని చేత్తో కప్పులోకి తెచ్చుకుని అప్పుడు నిలబడండి. ఇది చేయకుండా కప్పు పెద్దదో చిన్నదో తేల్చకూడదు, చేశాక చాలామందికి ఒక అక్షరం పెరుగుతుంది. వెనక పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి, పిడికిలి దూరితే వదులు. చేతులు రెండూ పైకెత్తండి. కప్పు కింది అంచు లేచి రొమ్ము బయటపడితే పట్టీ వదులు. వైర్ ఉన్న బ్రా అయితే రెండు కప్పుల మధ్య ముక్క ఎముకకి ఆనాలి, వైర్ చివర రొమ్ము మీద కాకుండా దాని వెనక ముగియాలి. చివరికి స్ట్రాపులు రెండూ భుజాల మీంచి దించేయండి. మంచి పట్టీ అయితే బ్రా అక్కడే ఉంటుంది, కాస్త వాలుతుందంతే.

ఎంత తిరిగినా 28 దొరకలేదా? 30 కొని బిగించుకోవడమే. నా దగ్గరికి దీని కోసమే వచ్చేవాళ్ళున్నారు, మీ ఇంటి దగ్గర టైలరుకి చెప్పినా చేస్తారు. మీ 28 డి కి సమానమైన 30 సి ఎంచుకోండి, కప్పు సరిపోవడం ముఖ్యం, పట్టీని తగ్గించవచ్చు గానీ కప్పుని పెంచలేం. కోసే ముందు పట్టీని వెనక రెండు వైపులా సమానంగా మడిచి చేత్తో పెద్ద కుట్లు వేసి, ఒక పూట ఇంట్లో వేసుకుని తిరగండి. కూర్చుని అన్నం తిని చూడండి, నిలబడినప్పుడు హాయిగా ఉన్నది తిన్నాక బిగుతు కావచ్చు.

బాగుందనుకుంటే హుక్కుల పట్టీ, కాజాల పట్టీ రెండూ చిన్న కత్తెరతో దారం దారంగా విప్పండి. ఒక్కో వైపు అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం కోసి, అవే పట్టీలు తిరిగి పెట్టి కుట్టాలి. ఒక వైపే కోస్తే స్ట్రాపులు వెనక ఎగుడుదిగుడు అవుతాయి. రెండు వైపులా కోస్తే స్ట్రాపులు వీపు మధ్యకి దగ్గరవుతాయి, ఇరుకు భుజాల వాళ్ళకి జారడం కూడా తగ్గుతుంది. మొత్తం మీద రెండంగుళాలు దాటొద్దు. అంతకు మించి తీస్తే పట్టీ కప్పుల్ని చంకల్లోకి లాగుతుంది, వైర్లు విచ్చుకుంటాయి. పై అంచు, కింది అంచు ఎలాస్టిక్ మీద జిగ్‌జాగ్ కుట్టే వేయాలి. మామూలు కుట్టు వేస్తే మొదటిసారి లాగగానే దారం తెగుతుంది. జిగ్‌జాగ్ లేని మిషను ఉన్నవాళ్ళు ఆ అంచుల దగ్గర చేత్తో వెనక్కుట్టు వేసుకోండి. పాత కుట్టు మీద గరుకు దారం చివర్లు మిగిలితే వీపు మీద గోకుతాయి, కత్తిరించేయండి.

పట్టు చీరల మీదికైతే బ్రా వెతుకులాట మానేసి బ్లౌజులోనే కప్పులు పెట్టించుకోండి. సన్నటి పెళ్ళికూతుళ్ళకి నేను చెప్పేది ఇదే. కప్పు మెత్తగా ఉండాలి, బ్లౌజు కింది పట్టీ రొమ్ముల కింది కొలతకి సరిగ్గా బిగుతుగా ఉండాలి. అదే లేకపోతే కప్పు పెట్టినా లాభం లేదు.

కాన్పు అయిన వాళ్ళు పాత నంబరు పట్టుకు వేలాడకండి, కడుపుతో ఉన్నప్పుడు పక్కటెముకల చుట్టుకొలతే మారుతుంది, మళ్ళీ కొలుచుకోండి. ఎదిగే పిల్లలకైతే ఇంకా తరచుగా.

ఇంత కష్టపడి సంపాదించిన బ్రాని వేడినీళ్ళలో నానబెట్టకండి, ఎలాస్టిక్ చస్తుంది. మన కోస్తా చెమటకి ఒకే బ్రా వరసగా రెండు రోజులు వేసుకోవడమూ మంచిది కాదు. చల్లనీళ్ళలో చేత్తో ఉతికి, పిండకుండా ఒత్తి, నీడలో ఆరేయండి, స్ట్రాపు పట్టుకుని వేలాడదీస్తే నీటి బరువుకి సాగుతుంది, రెండు కప్పుల మధ్య ముక్క దగ్గర మడిచి వేయండి. పట్టీ సాగే కొద్దీ హుక్కు లోపలికి మారుస్తూ పోవాలి. చివరి కాజాలో పెట్టినా పట్టీ పైకి ఎక్కుతుంటే ఆ బ్రా అయిపోయినట్టే. పారేసే ముందు హుక్కుల పట్టీ విప్పి దాచుకోండి, తర్వాతి 30ని బిగించేటప్పుడు పనికొస్తుంది.