చిన్న గ్రామంలో మురుగునీటి శుద్ధి: మడ్డి తొట్టి, జమ్ము మడి

మోటార్లతో, గాలి పంపే యంత్రాలతో నడిచే శుద్ధి కేంద్రం చిన్న గ్రామానికి సాధారణంగా అచ్చిరాదు. కరెంటు పోయినా, చూసుకునే మనిషి కొన్నాళ్లు లేకపోయినా అది మూలనపడుతుంది. నేల వాటంతోనే నీరు పారే మడ్డి తొట్టికి, దాని వెనుక కంకర నింపి జమ్ము పెంచే మడికి స్థలం ఎక్కువే పడుతుంది గానీ, వాటిని నడపడం ఊరివాళ్ల చేతిలో పని. ఈ పద్ధతి వంటింటి నీటికి, స్నానాల నీటికి, బట్టలుతికిన నీటికి మాత్రమే. మరుగుదొడ్ల నీటిని ఇందులో కలపకుండా ఒకటి నిండాక రెండోది వాడే జంట గుంతలకు మళ్లించాలి. కలిపితే మడి వైశాల్యాన్ని కొన్ని రెట్లు పెంచాల్సి వస్తుంది, బయటికి వచ్చే నీటిలో రోగక్రిముల భయమూ పెరుగుతుంది.

ముందుగా నీటిని కొలవాలి. కాలువ చివర ఇరవై లీటర్ల బకెట్టు పెట్టి, అది నిండటానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం వేరువేరుగా చూడాలి, ఎందుకంటే తెల్లవారాక రెండు మూడు గంటల్లోనే రోజు మొత్తంలో పెద్ద భాగం వచ్చేస్తుంది. ఉదాహరణకు 200 మంది ఉన్న ఊళ్లో మనిషికి 60 లీటర్ల చొప్పున రోజుకు 12,000 లీటర్లు, అంటే 12 ఘనపు మీటర్లు వస్తాయి.

తొట్టి ముందు కడ్డీల జాలి ఉండాలి. తొట్టిలో నీరు కనీసం ఒక రోజు నిలవాలి. మడ్డి చేరే చోటుతో కలిపి పైన చెప్పిన ఊరికి 16 ఘనపు మీటర్లు సరిపోతాయి. దాన్ని అడ్డుగోడతో రెండు గదులుగా కట్టి, ఒక గది నుంచి మరో గదికి, అక్కడి నుంచి మడికి నీరు ‘టీ’ (T) ఆకారపు పైపు ద్వారానే వెళ్లేలా చూడాలి. పైన తేలే నూనె తెట్టు, అడుగున పేరుకునే మడ్డి రెండూ తొట్టిలోనే ఆగిపోయి, నడిమి నీరు మాత్రమే ముందుకు సాగడానికి ఆ పైపే ఆధారం. తొట్టిలో పొదుపు చేసి మడికి ఖర్చు పెట్టడం తలకిందుల లెక్క. తొట్టి ఆపని మడ్డి కంకర సందుల్లో చేరి మడిని పూడ్చేస్తుంది.

మడికి మనిషికి ఒకటి నుంచి రెండు చదరపు మీటర్ల స్థలం, సుమారు 60 సెంటీమీటర్ల కంకర లోతు ఉండాలి. అడుగున మీటరుకు ఒక సెంటీమీటరు వాటం ఇచ్చి, బంకమట్టిని దిమ్మిస కొట్టి గానీ మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి గానీ నీరు ఇంకకుండా చేయాలి. నీరు వచ్చే చోట, పోయే చోట 40 నుంచి 80 మిల్లీమీటర్ల రాళ్లు, మధ్యలో 10 నుంచి 20 మిల్లీమీటర్ల కంకర వేయాలి. కంకరను కడగకుండా వేస్తే దుమ్మే మొదటి పూడిక అవుతుంది. చదరపు మీటరుకు నాలుగు చొప్పున జమ్ము దుంపలు గానీ మెట్టతామర దుంపలు గానీ నాటాలి. అసలు శుద్ధి చేసేది కంకరకు పట్టిన జిగురు పొరలోని సూక్ష్మజీవులు. మొక్కల వేళ్లు వాటికి కొంత ప్రాణవాయువు అందిస్తాయి. అందువల్ల మొక్కలు ఏపుగా పెరిగినంత మాత్రాన నీరు బాగుపడిందని అనుకోకూడదు.

బయటికి పోయే పైపుకు తిరిగే ఎల్బో (వంపు ముక్క) బిగిస్తే, దాన్ని వంచడంతోనే మడిలో నీటిమట్టం మారుతుంది. నీరు కంకర పైభాగానికి 5 నుంచి 10 సెంటీమీటర్ల దిగువన ఉండాలి. అప్పుడు దోమలు గుడ్లు పెట్టలేవు, వాసనా అంతగా రాదు.

కడ్డీల జాలిని రోజూ శుభ్రం చేయాలి. పొడవాటి కర్రకు తెల్లగుడ్డ చుట్టి తొట్టి అడుగుదాకా మెల్లగా దించి తీస్తే, నల్లని మరక ఎంతవరకు ఉంటే మడ్డి అంత ఎత్తు ఉన్నట్టు. అది నీటి లోతులో మూడో వంతుకు చేరినప్పుడు తోడించాలి, తోడే మనిషి మాత్రం విషవాయువుల వల్ల ఎప్పుడూ తొట్టిలోకి దిగకూడదు. మడిలోకి నీరు వచ్చే చోట అది కంకర పైకి తేలుతుంటే, అక్కడి రాళ్లను తీసి కడిగి తిరిగి వేయాలి.

మడి నుంచి వచ్చే నీరు తాగడానికి పనికిరాదు. దాన్ని చెట్లకు, పశుగ్రాసానికి పాదుల్లోకి పారించవచ్చు; పచ్చిగా తినే ఆకుకూరలకు వాడకూడదు, తాగునీటి బావుల చుట్టుపక్కల వదలకూడదు.